రాతి దుమ్ము నుంచి బావి నీళ్ల దాకా: ఆటోఇమ్యూన్ జబ్బుల మూలాల వెతుకులాట

ఎడిన్‌బరా వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ 1914లో తొమ్మిదిమంది స్క్లీరోడెర్మా రోగుల వివరాలు ప్రచురించాడు. చర్మం బిగుసుకుపోయి, వేళ్లు మడవడానికి కూడా రాకుండా చేసే జబ్బు ఇది. అరుదుగా వస్తుంది, వచ్చినా ఎక్కువగా ఆడవాళ్లకే. ఆ తొమ్మిదిమందిలో అయిదుగురు మాత్రం రాళ్లు చెక్కే పనివాళ్లు. 1953లో వేల్స్ బొగ్గు గని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తూ ఆంథొనీ కాప్లన్ ఇంకొకటి పట్టుకున్నాడు: ఊపిరితిత్తుల్లో ఒక రకం గుండ్రటి గడ్డలున్నవారిలో చాలామందికి రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. 1957లో దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో స్క్లీరోడెర్మా మళ్లీ కనిపించింది. చెక్కేవాళ్లూ తవ్వేవాళ్లూ పీల్చినది సిలికా (రాతిలో, ఇసుకలో ఉండే ఖనిజం) ఉన్న దుమ్మే.

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే ఇలాంటి ఆటోఇమ్యూన్ జబ్బుల ఆనవాళ్లు ముందు పనిచోటే దొరకడానికి కారణముంది. అక్కడ మోతాదు ఎక్కువ. పీల్చినవాళ్లెవరో హాజరుపట్టీ చెబుతుంది, ఎన్నేళ్లు పీల్చారో కొలువు రికార్డు చెబుతుంది. తర్వాతి తరం పరిశోధకులు ఏ వృత్తిలో ఏ కాలంలో ఎంత దుమ్ము ఉండేదో పట్టికలు కట్టి, వాటిని రోగుల రిజిస్టర్లతో కలిపారు. స్వీడన్‌లో 1996లో మొదలైన ఐరా అధ్యయనం, సిలికాకు పొగతాగే అలవాటు తోడైతే ఒక రకం రుమటాయిడ్ ముప్పు ఆ రెండింటి విడి ముప్పుల మొత్తాన్ని మించిపోతుందని చూపించింది. ఇప్పటి కృత్రిమ రాతి పలకల్లో సిలికా 90 శాతం కూడా దాటుతుంది. నీళ్లు పెట్టకుండా పొడిగా కోస్తే కొన్నేళ్లకే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ పట్టుకుంటుంది. అలాంటి రోగుల్లో ఆటోఇమ్యూన్ జబ్బులు గుంపుగా బయటపడ్డాయని ఇజ్రాయెల్ వైద్యులు 2015లో రాశారు. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయిని నిషేధించింది.

నీటి దగ్గరికొచ్చేసరికి లెక్క ఇంత సులువుగా తేలలేదు. ఇక్కడ ముఖ్యమైన పదార్థం ట్రైక్లోరోఎథిలీన్, పొట్టిగా టీసీఈ. లోహపు భాగాలకు అంటిన గ్రీజు వదిలించడానికి దీన్ని తొట్టిలో మరిగించి, ఆ ఆవిరిలో భాగాలను వేలాడదీస్తారు. ఈ ద్రావకంతో పనిచేసినవారిలో స్క్లీరోడెర్మా వచ్చిన సంగతి జర్మన్ వైద్య పత్రికలో 1957లోనే నమోదైంది. వాడేసిన ద్రావకాన్ని మాత్రం చాలాచోట్ల ఆవరణలోనే నేలమీద పారబోసేవారు. అది నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. భూగర్భ జలం మీద తేలదు; అడుగుకు దిగి, బంకమట్టి పొర మీద మడుగు కట్టి, దశాబ్దాల పాటు కొద్దికొద్దిగా నీటిలో కరుగుతూ ఉంటుంది. ఫ్యాక్టరీ మూతపడ్డా బావి బాగుపడదు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వోబర్న్‌లో 1979లో మూసేసిన ఒక బావి నీటిలో టీసీఈ లీటరుకు 267 మైక్రోగ్రాములు తేలింది. ఆ దేశం తర్వాత పెట్టుకున్న పరిమితి 5. ఆరిజోనాలోని టూసాన్‌లోనూ 1981లో ఇదే బయటపడింది. ఆ నీళ్లు తాగినవారిలో లూపస్ (చర్మం, కీళ్లు, మూత్రపిండాల వంటి పలు అవయవాలను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు) లక్షణాలు, సొంత కణాల కేంద్రకాల మీదికే వెళ్లే యాంటీన్యూక్లియర్ యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయని 1992లో ఒక పత్రం వచ్చింది. ఇలాంటి పత్రాన్ని చదివేటప్పుడు ముందు చూడాల్సింది ఆ యాంటీబాడీల పరీక్షకు రక్తరసాన్ని ఎంత పలచన చేశారన్నది. 40 రెట్లు పలచన చేస్తే ఆరోగ్యవంతుల్లోనే దాదాపు 30 శాతం మందికి పాజిటివ్ వస్తుంది, 160 రెట్లు చేస్తే 5 శాతం మందికి. పైగా తమ నీళ్లు చెడ్డవని అప్పటికే తెలిసినవాళ్లు కీళ్లనొప్పులూ నీరసమూ ఎక్కువగానే గుర్తుచేసుకుంటారు.

మోతాదు తేల్చడమూ తలనొప్పే. రోజుకు ఎన్ని గ్లాసులు తాగారని అడిగితే సరిపోదు. టీసీఈ తేలిగ్గా ఆవిరవుతుంది కాబట్టి వేడినీళ్ల స్నానంలో ముక్కు ద్వారా, చర్మం ద్వారా చేరేదీ తక్కువ కాదు. మరిగిస్తే అది గదిలోని గాలిలో కలుస్తుంది. ఏ వీధికి ఏ బావి నీళ్లు ఎప్పుడు పారాయో పాత పంపుల రికార్డుల నుంచి తవ్వితీయాలి.

మనుషుల్లో తెగని ముడిని ప్రయోగశాల కొంత విప్పింది. లూపస్ వైపు మొగ్గున్న ఎంఆర్ఎల్ జాతి ఎలుకలకు 32 వారాలు తాగేనీటిలో టీసీఈ ఇచ్చినప్పుడు సీడీ4 టీ-కణాలు (రోగనిరోధక వ్యవస్థను నడిపించే తెల్లరక్తకణాలు) రెచ్చిపోయి, కాలేయంలో ఆటోఇమ్యూన్ వాపు వచ్చిందని 2000లో ప్రచురించారు. శరీరంలో టీసీఈని విరగ్గొట్టే సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటే టీ-కణాల మార్పులు వెనక్కి మళ్లాయి. అంటే అసలు దోషి ద్రావకం కన్నా, శరీరం దాన్ని విరగ్గొట్టినప్పుడు పుట్టే పదార్థమే అయ్యుండాలి. 2011లో అమెరికా పర్యావరణ సంస్థ నోటి ద్వారా చేరే టీసీఈకి ప్రమాణంగా శరీర బరువు కిలోకు రోజుకు 0.0005 మిల్లీగ్రాములు నిర్ణయించినప్పుడు, పిండంలోని గుండె లోపాలతో పాటు ఎలుకల రోగనిరోధక మార్పులే దానికి ఆధారం.

పనివాళ్లనూ ఊరివాళ్లనూ ఒకే కొలతతో చూసిన అధ్యయనం మరో రసాయనం మీద జరిగింది. వెస్ట్ వర్జీనియాలో ఒహాయో నది ఒడ్డునున్న ఒక ఫ్యాక్టరీ నుంచి పీఎఫ్ఓఏ (నాన్‌స్టిక్ పూతల తయారీలో వాడిన రసాయనం) ఆరు నీటి సరఫరా ప్రాంతాల్లోకి చేరింది. దావా రాజీలో భాగంగా 2005–06లో సుమారు 69,000 మంది వివరాలు సేకరించారు. వారిలోంచి, ఫ్యాక్టరీ కార్మికులతో కలిపి, 32,254 మందిని తీసుకుని ఏటేటా ఒక్కొక్కరి రక్తంలో ఎంత ఉండి ఉంటుందో నమూనాలతో లెక్కగట్టారు. లూపస్, రుమటాయిడ్, నరాల జబ్బు మల్టిపుల్ స్క్లీరోసిస్, టైప్-1 మధుమేహం, పేగుల జబ్బు క్రోన్స్ అన్నీ చూశారు. మోతాదుతో పాటు స్పష్టంగా పెరిగింది పెద్దపేగు లోపల పుండ్లు పడే అల్సరేటివ్ కోలైటిస్ ఒక్కటే. నిపుణుల కమిటీ 2012 నాటికి పీఎఫ్ఓఏతో ‘సంభావ్య సంబంధం’ ఉందన్న ఆరు జబ్బుల్లో అదీ ఒకటి.

స్వీడన్‌లోని రోనెబీలో, సైనిక విమానాశ్రయంలో వాడిన మంటలార్పే నురగ తాగునీటిలో కలిసిందని 2013 చివర్లో బయటపడింది. అక్కడ చేసిన అధ్యయనంలో అల్సరేటివ్ కోలైటిస్ లాంటి పేగువాపు జబ్బులకూ ఆ నీటికీ నిలకడైన సంబంధం దొరకలేదు. ఈ రెండు అధ్యయనాల్లో ఒకదాన్ని మరొకటి కొట్టేసిందనడానికి లేదు: రోనెబీ నీటిలో ఎక్కువగా ఉన్నవి అదే కుటుంబపు వేరే రసాయనాలు పీఎఫ్ఓఎస్, పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్; పీఎఫ్ఓఏ వాటా చిన్నది.