పియానో వాయించేవాళ్ల చేతులు ఎందుకు బిగుసుకుంటాయి? కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: గట్టిగా పలకాలంటే వేళ్లకు బాగా బలం ఉండాలి.

వాస్తవం: ఒక కీ కిందికి దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు చాలు. చేతి బరువే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో బలం చాలనివాళ్లు అరుదు, వాడిన బలాన్ని వెంటనే వదలడం రానివాళ్లే ఎక్కువ.

అపోహ: కీని అడుగుదాకా అదిమి పట్టుకుంటే స్వరం నిండుగా వస్తుంది.

వాస్తవం: కీ దిగేదే దాదాపు 10 మిల్లీమీటర్లు. అది అడుగుకు చేరే కాస్త ముందే పియానో లోపలుండే హ్యామర్ అనే చిన్న సుత్తి విడిపోయి, తనంతట తానే వెళ్లి తీగను కొడుతుంది. అప్పుడు దానికి ఎంత వేగం ఉంటే అంత శబ్దం. ఆ తర్వాత ఎంత అదిమినా స్వరం మారదు, మణికట్టు మాత్రం పట్టేస్తుంది. స్వరం నిలవడానికి వేలు ఊరికే ఆనించి ఉంచితే చాలు. ఈ సంగతి ఎవరైనా నాకు మొదట్లోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

అపోహ: రిలాక్స్ అవ్వడమంటే చెయ్యి పూర్తిగా వదిలేయడం.

వాస్తవం: పూర్తిగా వదిలేస్తే చెయ్యి ఒళ్లో పడుతుంది. వేలి చివరి కణుపు నిలబడాలి, మోచేయి, భుజం తేలిగ్గా ఉండాలి. ఒక స్వరం వాయించి, కీ కిందే ఉంచి, మణికట్టును మెల్లగా పైకీ కిందికీ ఆడించి చూడండి. ఆడకపోతే ఎక్కడో టెన్షన్ ఉన్నట్టే. ముందు బొటనవేలు చూడండి. మిగతా వేళ్లు వాయిస్తుంటే అది ఊరికే బిగుసుకుని ఉంటుంది.

అపోహ: నొప్పి వస్తే ఓర్చుకుని ప్రాక్టీస్ చేయాలి.

వాస్తవం: వద్దు, ఆపేయండి. తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

అపోహ: మెత్తగా వాయించాలంటే భయంభయంగా తాకాలి.

వాస్తవం: సుమారు 1700లో ఇటలీలో క్రిస్టోఫోరి తయారుచేసిన ఈ వాద్యానికి పేరే పియానో, ఫోర్టే అనే మాటల నుంచి వచ్చింది, అంటే మెల్లగా, గట్టిగా అని. మెత్తదనం భయం వల్ల రాదు, కీ దిగే వేగం మీద అదుపు వల్ల వస్తుంది. వేలిని ముందే కీ మీద ఆనించి, అసలు శబ్దమే రానంత నిదానంగా దించండి. తర్వాత పలికీ పలకనట్టు. అక్కడి నుంచి కొంచెం కొంచెం పెంచండి. ప్రతిసారీ ఎంత శబ్దం రావాలో ముందు మనసులో వినండి. ఇది కుదిరాక మూడు స్వరాల కార్డ్ (chord, అంటే ఒకేసారి కలిపి వాయించే స్వరాలు) పట్టుకుని, పై స్వరం ఒక్కటే తేలేలా వాయించండి. తర్వాత మధ్య స్వరం తేలేలా ప్రయత్నించండి. చాలామందికి ఇదే కష్టం, కానీ నేర్పడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం కూడా ఇదే.