మీట నొక్కినా మేలుకోని కంప్యూటర్

పర్లాకిమిడి బజారులో తెలుగులోనూ ఒడియాలోనూ పెళ్లికార్డులు కొట్టే డీటీపీ షాపు. రాత్రి షట్టరు దించేదాకా బాగా పనిచేసిన కంప్యూటర్ పొద్దున్న మీట నొక్కితే ఉలకదు, పలకదు. ఫ్యాను తిరగదు, దీపం వెలగదు. ‘మదర్‌బోర్డు పోయింది’, అంటే భాగాలన్నిటినీ కలిపే పెద్ద బోర్డే చెడిందని ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఆ మాట నమ్మి డబ్బులు పెట్టేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ప్లగ్గులో ఉన్న డెస్క్‌టాప్ ఎప్పుడూ పూర్తిగా నిద్రపోదు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ అనే డెస్క్‌టాప్ నిర్మాణ పద్ధతిలో ముందున్న మీటకీ 230 వోల్టులకీ సంబంధమే లేదు. మీట నొక్కడమంటే మదర్‌బోర్డుకి ఒక విన్నపం పెట్టుకోవడం. ఆ విన్నపం వినడానికి ఎస్ఎంపీఎస్‌లో (గోడ కరెంటును కంప్యూటర్‌కి తగ్గ డీసీగా మార్చే డబ్బా) ఒక చిన్న సర్క్యూట్ రాత్రీపగలూ మేలుకుని 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. దీన్నే స్టాండ్‌బై అంటారు. వెతుకులాటంతా ఈ 5 వోల్టుల చుట్టూనే సాగాలి.

అయితే మొదలుపెట్టాల్సింది గోడ దగ్గర. సాకెట్టులో టెస్టర్ వెలిగిందంటే కరెంటు వచ్చేస్తున్నట్టే అనుకోకూడదు. న్యూట్రల్ తెగినా ఫేజులో టెస్టర్ వెలుగుతుంది. అదే సాకెట్టులో టేబుల్ ల్యాంపో ఫ్యానో పెట్టి చూడండి. తర్వాత స్పైక్ బస్టర్ (వరస సాకెట్ల పెట్టె) తీసేసి, వైరు నేరుగా గోడకి పెట్టండి. ఎస్ఎంపీఎస్ వెనక చిన్న స్విచ్చు ఉంటుంది, గదులు తుడిచేటప్పుడు చెయ్యి తగిలి అది ఆగిపోవడం మామూలే. పవర్ కార్డు వదులుగా ఉంటే మార్చి చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ప్లగ్గు తీసేసి, ముందు మీటను అరనిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ ప్లగ్గు పెట్టి చూడండి. ఇది మంత్రం కాదు. కరెంటు ఒక్కసారిగా పోయి వచ్చినప్పుడు ఎస్ఎంపీఎస్ రక్షణ సర్క్యూట్ తలుపు మూసుకుని అలాగే ఉండిపోవచ్చు. కరెంటును కాసేపు నిలవచేసే కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి పోతేగానీ ఆ తలుపు తెరుచుకోదు.

ఇక వోల్టులు కొలిచే మల్టీమీటర్. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల మొనను ఏదైనా నల్ల తీగకి, ఎర్ర మొనను ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టరులో ఊదా తీగకి వెనకనుంచి ఆనించండి. 4.75కీ 5.25కీ మధ్య చూపించాలి. తీగలన్నీ నల్లగానే ఉన్న ఎస్ఎంపీఎస్ అయితే పిన్ను లెక్కపెట్టుకోవాలి. స్టాండ్‌బై 9వది. కొన్ని బ్రాండెడ్ యంత్రాల కనెక్టర్లు పూర్తిగా వేరుగా ఉంటాయి, వాటికి ఈ లెక్క వర్తించదు.

ఊదా తీగలో ఏమీ లేకపోతే ప్లగ్గు తీసి, మదర్‌బోర్డుకి వెళ్లే కనెక్టర్లన్నీ ఊడదీసి, మళ్లీ ప్లగ్గు పెట్టి కొలవండి. ఇప్పుడు 5 వోల్టులు వస్తే షార్టు బోర్డు వైపు ఉంది. ఇప్పటికీ రాకపోతే తప్పు ఎస్ఎంపీఎస్‌దే. ఈ ఒక్క కొలతతో సగం అనుమానాలు తీరిపోతాయి. అందుకే మల్టీమీటర్ లేకుండా విడిభాగాలు మార్చుతూ పోవడం డబ్బు దండగ అంటాను.

5 వోల్టులు ఉండి కూడా కదలిక లేకపోతే ముందు మీటనే అనుమానించండి. అది చవక వస్తువు, చెమ్మకి లోపల తుప్పు పడుతుంది. బోర్డు అంచున పవర్ స్విచ్చు వైరు తగిలించే రెండు పిన్నులు ఉంటాయి. వైరు పీకి, ఆ రెంటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. మెషీన్ లేస్తే మీటే పోయింది. రీసెట్ మీట వైరును అక్కడ పెట్టుకుని పని నడిపించుకోవచ్చు. లేవకపోతే ఆకుపచ్చ తీగ, అంటే 16వ పిన్ను చూడాలి. మామూలుగా అక్కడ 5కి దగ్గరగా వోల్టేజి ఉంటుంది, మీట నొక్కగానే సున్నాకి పడిపోవాలి. పడకపోతే బోర్డు అడగడం లేదు. పడినా ఫ్యాన్లు తిరగకపోతే, బోర్డు అడుగుతోంది గానీ ఎస్ఎంపీఎస్ ఇవ్వడం లేదు.

ఫ్యాను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతే చాలావరకు షార్టు. గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, ర్యామ్ ఒక్కొక్కటీ తీస్తూ చూడండి, తీసిన ప్రతిసారీ ప్లగ్గు బయటే ఉండాలి. బోర్డు కింద రాలిపడిన స్క్రూ ఉందేమో కూడా చూడండి.

కనెక్టర్లు ఊడదీసిన ఎస్ఎంపీఎస్‌లో ఆకుపచ్చనీ నల్లనీ జెమ్‌క్లిప్పుతో కలిపి నడిపించడం మెకానిక్కులందరికీ తెలిసిన పరీక్ష. కానీ ఫ్యాను తిరిగిందని పాస్ చెయ్యకండి. ఒక పాత హార్డ్‌డిస్కు తగిలించి కొలవండి. పసుపులో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.46 వోల్టులు రావాలి. బూడిదరంగు తీగ ‘అంతా సిద్ధం’ అని బోర్డుకి చెప్పేది. అందులో 5కి దగ్గరగా రాకపోతే ప్రాసెసర్ అసలు పని మొదలుపెట్టదు.

స్టాండ్‌బై సర్క్యూటే ముందు ఎందుకు పోతుందంటే, అది 24 గంటలూ పనిచేస్తుంది గనక. షాపు మూసినా ప్లగ్గు ఉంటే దానికి సెలవు లేదు. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవం మెల్లగా ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. ఆరిన కెపాసిటర్ చలిలో మరీ మొరాయిస్తుంది, కాస్త వేడెక్కితే సర్దుకుంటుంది. కోరాపుట్, సెమిలిగూడ వైపు చలికాలం పొద్దున్నే నాలుగైదుసార్లు నొక్కితేగానీ లేవని మెషీన్ ఉందంటే కారణం చాలావరకు ఇదే. అయినా ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఇంట్లో విప్పకండి. 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారేసరికి దాదాపు 325 వోల్టులవుతుంది. ప్లగ్గు తీశాక కూడా ఆ ఛార్జి కొంతసేపు కెపాసిటర్‌లో ఉండొచ్చు. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు.

గోపాలపురం, ఛత్రపురం తీరాన మరో శత్రువు ఉప్పుగాలి. దుమ్ములో కలిసిన ఉప్పు చెమ్మని పీల్చుకుని బోర్డు మీద కరెంటుకి దొంగదారి వేస్తుంది. వానలకి వారం మూసిన షాపు తెరవగానే మీట నొక్కకుండా, పక్క పలక విప్పి మెత్తటి బ్రష్షుతో దులిపి, ఒక పూట ఫ్యాను గాలికి ఉంచండి. తుఫాన్ల తర్వాత ఇంకా జాగ్రత్త అవసరం. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చిన ప్రాంతం ఇది. స్తంభాలు ఒరిగి న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. లైన్లు సరిచేసి కరెంటు ఇచ్చిన మొదటి గంట బల్బులు మరీ ప్రకాశంగా వెలగడం లేదని చూసుకున్నాకే ప్లగ్గు పెట్టండి. ఉరుములప్పుడు ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ కేబులూ పీకెయ్యాలి, పిడుగు దెబ్బ ఆ దారినా వస్తుంది.

ఎస్ఎంపీఎస్ మార్చాల్సి వస్తే, బరంపురం వెళ్లినా విశాఖ వెళ్లినా పాతది సంచిలో పెట్టుకెళ్లండి. డబ్బా కొలత, ప్రాసెసర్ కనెక్టర్ 4 పిన్నులదా 8 పిన్నులదా అన్నది అక్కడే సరిచూసుకోవచ్చు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లని వదిలేసి, 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లో చదవండి. దాన్ని 12తో హెచ్చిస్తే కంప్యూటర్‌కి నిజంగా అందే బలం ఎంతో తేలుతుంది.