కిటికీ కింద కుంపటి

మా మేనకోడలు జర్మనీలో, లైప్‌జిగ్‌లో ఉంటుంది. వందేళ్లు దాటిన పాత భవనంలో ఒక ఫ్లాట్ కొనుక్కున్నారు. హాల్లో రేడియేటర్, అంటే వేణ్నీళ్లు తిరుగుతూ గదిని వెచ్చబెట్టే ఇనుప పలక, తుప్పు పట్టి కారుతోంది, కొత్తది వేయించాలి. "మావయ్యా, కిటికీ కింద పెట్టించనా, లోపలి గోడకి పెట్టించనా? పనికొచ్చినాయన లోపలి గోడకైతే పైపు ఖర్చు తగ్గుతుందంటున్నాడు. అయినా చలి వచ్చే కిటికీ దగ్గరే వేడి పెట్టడం ఏంటి, అంతా బయటికే పోదూ?" అని ఫోన్ చేసింది. ఇంతలో వాళ్ల అత్తగారు ఫోన్ అందుకుని, "అగ్ని కదండీ అన్నయ్యగారూ, ఆగ్నేయంలోనే ఉండాలి" అన్నారు. ఆ ఇంట్లో ఆగ్నేయంలో ఉన్నది బాత్రూమ్. కాబట్టి ఆ చర్చ అక్కడితో ఆగింది.

మేనకోడలి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. బాయిలర్ నీళ్లు కాస్తుంది, పంపు తోస్తుంది, ఆ వేణ్నీళ్లు ఇనుప పలకల్లో తిరిగి చల్లారి వెనక్కి పోతాయి. ఇందులో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు కథంతా గాలిది.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. "వేడి పైకి పోతుంది" అని రాసిన పిల్లలకి ఏళ్ల తరబడి మార్కులు వేశాను. వేడికి పైనా కిందా తెలియదు, ఎటు చల్లగా ఉంటే అటు పోతుంది. పైకి పోయేది వెచ్చటి గాలి. అదైనా తనంతట తను పోదు. బరువుగా ఉన్న చల్లగాలి కిందికి దూరి దాన్ని పైకి నెడుతుంది. గాలికి బరువేమిటి అనుకోకండి. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 1.2 కిలోలు తూగుతుంది. మా వాళ్ల హాలు 20 చదరపు మీటర్లు, పాత ఇల్లు కాబట్టి ఎత్తు మూడు మీటర్లు. అందులో గాలి మొత్తం 72 కిలోలు, ఇంచుమించు మా అల్లుడంత. అదే గాలి 11 డిగ్రీలకి చల్లబడితే ఘనమీటరుకి 40 గ్రాములు బరువెక్కుతుంది, ఒక చిన్న ఉల్లిపాయంత. 40 డిగ్రీలకి వేడెక్కితే 75 గ్రాములు తేలికవుతుంది. హాల్లో గాలిని తిప్పేది ఈ ఉల్లిపాయల తేడాయే.

ఇక గిలకబావి దగ్గరికి రండి. గిలక మీద చేంతాడు, రెండు కొసలకీ రెండు బొక్కెనలు. ఒకటి నిండుది, ఒకటి ఖాళీది. నిండు బొక్కెన మన కిటికీ: అద్దానికి తగిలిన గాలి చల్లబడి, బరువెక్కి, కిందికి జారుతుంది. ఖాళీ బొక్కెన రేడియేటర్: అక్కడ గాలి తేలికై పైకి లేస్తుంది. ఇప్పుడు రేడియేటర్‌ని కిటికీకి ఎదురుగోడకి పెట్టామనుకోండి. ఇటు బరువు దిగుతోంది, అటు తేలిక లేస్తోంది. రెండూ కలిసి గిలకని ఒకే వైపు తిప్పుతాయి! వెచ్చటి గాలి ఎదురుగోడ మీదుగా లేచి, సీలింగు వెంట కిటికీ దాకా వచ్చి, అద్దం మీద చల్లబడి, జారి, నేల వెంట మళ్లీ రేడియేటర్ దగ్గరికి పోతుంది. మామూలు చేంతాడు ఇలా చుట్టూ తిరగదు కాబట్టి, దాని రెండు కొసలూ కింద ముడేసినట్టు ఊహించుకోవాలి. ఆ ముడి ఉన్న భాగమే నేల మీదుగా, సోఫా కిందుగా, సరిగ్గా మన పాదాల మీదుగా పోతుంది. తల దగ్గర 22 డిగ్రీలు, చీలమండ దగ్గర 18. థర్మోస్టాట్ లెక్కలో గది వెచ్చగానే ఉంది. మనకి మాత్రం సాక్సులు కావాలి.

అదే రేడియేటర్‌ని కిటికీ కిందికి మార్చండి. రెండు బొక్కెనల్నీ ఒకే కొసకి కట్టినట్టయింది. ఒకటి కిందికి లాగుతుంది, ఇంకొకటి పైకి లాగుతుంది. గిలక కిర్రుమంటుందే గానీ తిరగదు. జారే చల్లగాలికి లేచే వేడిగాలి దారిలోనే ఎదురై, రెండూ కలిసి గోరువెచ్చగా గదిలోకి మళ్లుతాయి. నేల మీద ఏరు ఆగిపోతుంది.

ఇదే లెక్కతో ఇంకొన్ని సంగతులు తేలిపోతాయి. రెండు మీటర్ల కిటికీ కింద మధ్యలో అరమీటరు రేడియేటర్ పెడితే రెండు పక్కల నుంచీ చల్లగాలి జారిపోతుంది, బొక్కెనకి చిల్లు పడ్డట్టే. అందుకే అది కిటికీ వెడల్పంతా ఉండాలంటారు. కిటికీ అరుగు బాగా ముందుకి పొడుచుకొస్తే వేడిగాలి అద్దాన్ని తాకకుండా గదిలోకి తప్పుకుంటుంది. కొన్ని ఇళ్లలో ఆ అరుగుకి పొడవాటి సందులు కోసి ఉంచేది ఇందుకే. ఇక కర్టెన్. నేలదాకా వేలాడే కర్టెన్ రేడియేటర్‌ని కప్పేస్తే బొక్కెనలు రెండూ కర్టెన్ వెనకే కుస్తీ పడతాయి, గదికి వచ్చేది తక్కువ. పైగా చుట్టూ ఉన్న వేడిని పసిగట్టి నీళ్లని ఆపే వాల్వు నాబ్ కూడా కర్టెన్ వెనకే ఉండిపోతే, అక్కడి వేడిని చూసి గదంతా వెచ్చబడిందనుకుని నీళ్లు కట్టేస్తుంది.

మన దగ్గర ఏసీని గోడమీద ఎత్తున బిగించేదీ ఈ సూత్రంతోనే. చల్లగాలి దిగే సరుకు కాబట్టి పైన, వేడిగాలి లేచే సరుకు కాబట్టి కింద.

జనవరిలో నేను అక్కడ పది రోజులున్నాను. పాత రేడియేటర్ కట్టేసి ఉంది, ఎలక్ట్రిక్ హీటర్ ఒకటి లోపలి గోడ దగ్గర పెట్టుకున్నారు. ఒక రాత్రి అగరొత్తి వెలిగించి అద్దానికి బెత్తెడు దూరంలో పట్టుకున్నాను. అల్లుడు కుర్చీ ఎక్కి స్మోక్ అలారం మీద ఓ కన్నేసి ఉంచాడు. పొగ వేలెడంత పైకి లేచింది, అక్కడ తటపటాయించింది, తర్వాత తల వంచి అద్దం మీదికి ఒరిగి జారడం మొదలుపెట్టింది. అగరొత్తి పొగ కిందికి దిగడం ఎప్పుడైనా చూశారా? కిటికీ అరుగు మీద చిన్న మడుగు కట్టి, అంచు దాటి, నేల మీద పాములా సోఫా వైపు పాకింది. అత్తగారు కాళ్లు పైకి పెట్టుకున్నారు.

ఇప్పుడు కాస్త లెక్క. కిటికీలు అమ్మేవాళ్లు యు-విలువ అంటారు. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు కిటికీలోంచి ఎన్ని వాట్ల వేడి పోతుందో చెప్పే అంకె అది. దాన్ని లోపలి ఉపరితల నిరోధం (గది గాలి నుంచి అద్దంలోకి వేడి పోవడానికి ఉండే అడ్డు) 0.13తోనూ, లోపలి బయటి ఉష్ణోగ్రతల తేడాతోనూ గుణిస్తే, గది గాలి కన్నా అద్దం ఎంత చల్లగా ఉంటుందో వస్తుంది. లోపల 20, బయట మైనస్ 5 అనుకుందాం, తేడా 25. ఒంటి అద్దానికి యు-విలువ సుమారు 5.6. అద్దం లోపలి వైపు దాదాపు 2 డిగ్రీలు, ఫ్రిజ్ కన్నా చల్లన. పాతకాలపు జంట అద్దానికి 2.8, అంటే 11 డిగ్రీలు. పల్చటి లోహపు పూత ఉన్న కొత్త జంట అద్దానికి 1.1, అంటే 16 పైన. మూడు పొరల అద్దానికి 0.7, దాదాపు 18. అద్దం మీద జారే గాలి వేగం, కిటికీ ఎత్తునీ, గది గాలికీ అద్దానికీ ఉన్న తేడానీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చే అంకెకి అనులోమంగా ఉంటుంది. తేడా నాలుగో వంతుకి తగ్గితే వేగం సగమవుతుంది. దాదాపు రెండు మీటర్ల ఎత్తు కిటికీకి, పాత జంట అద్దమైతే నేల దగ్గర సెకనుకి ఇరవై సెంటీమీటర్లకి కాస్త పైన, మూడు పొరలైతే పది చిల్లర. చల్లటి గాలి వేగం పదిహేను, ఇరవై సెంటీమీటర్లు దాటితే కాళ్లకి తెలిసిపోతుంది.

గాలిని పక్కన పెట్టినా కిటికీ ఇంకో దారిలో చలి పుట్టిస్తుంది. చలిమంట దగ్గర కూర్చున్నవాళ్లకి చెప్పక్కర్లేదు: ముఖం కాలిపోతుంటుంది, వీపు వణుకుతుంటుంది. రెండు వైపులా గాలి ఇంచుమించు ఒకటే. తేడా అంతా వికిరణంలో. మన ఒళ్లు కూడా చుట్టూ ఉన్న గోడలకి కంటికి కనపడని వేడిని పంపుతూనే ఉంటుంది. బట్టల పైన 28 డిగ్రీలుంటే, 20 డిగ్రీల గోడ వైపుకి చదరపు మీటరుకి 45 వాట్లు పోతాయి. 11 డిగ్రీల అద్దం వైపుకి అంతకు రెట్టింపు. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఓలే ఫాంగర్ జీవితమంతా ఇలాంటి లెక్కల మీదే గడిపాడు, మనుషుల్ని గదుల్లో కూర్చోబెట్టి చలిగా ఉందా, ఉక్కగా ఉందా అని అడుగుతూ. ఆ పని మీద నిలబడ్డ ఐఎస్ఓ 7730 అనే అంతర్జాతీయ ప్రమాణం, చల్లటి గోడ వల్ల రెండు పక్కల మధ్య వికిరణ తేడా 10 డిగ్రీల లోపు ఉండాలంటుంది. కిటికీ కింద వేడి పలక ఉంటే ఆ దిశలో చల్లటి అద్దమూ వేడి ఇనుమూ ఒకదాన్నొకటి సరిచేస్తాయి. తమాషా ఏమిటంటే, రేడియేటర్ అని పేరే గానీ, ఇప్పటి పలకల రకాలు ఇచ్చే వేడిలో పెద్ద వాటా గాలి ద్వారా పోయేదే, వికిరణం కాదు.

మరి "అంతా బయటికే పోదూ?" అన్న మాట? అంతా పోదు, కొంత పోతుంది. రేడియేటర్ వెనక గోడ వేడెక్కుతుంది, అది బయటి గోడ అయితే, అందులోనూ ఇన్సులేషన్ లేనిదైతే, నష్టమే. వెనక మెరిసే రేకు ఉన్న షీటు అంటిస్తే ఆ నష్టం తగ్గుతుంది. కానీ లోపలి గోడకి పెట్టి, కాళ్లు చల్లబడి, గదిని ఒక డిగ్రీ పెంచుకుంటే? డిగ్రీకి ఆరు శాతం బిల్లు పెరుగుతుందని జర్మనీలో అందరూ చెప్పుకునే లెక్క. అన్నట్టు, నాబ్‌ని 5 మీద పెడితే గది త్వరగా వెచ్చబడదు. 3 అంటే సుమారు 20 డిగ్రీలు వచ్చేదాకా తెరిచి ఉంచు అని. 5 అంటే ఇంకా పైదాకా అని, అంతే. మా అల్లుడు ఇంజనీరే, అయినా చలేస్తే 5కే తిప్పుతాడు.

తడి సంగతి కూడా ఉంది. చారు మరిగించి, అన్నం వండి, బట్టలు హాల్లో ఆరేస్తే గదిలో తేమ 60 శాతం దాటడం ఎంతసేపు? అప్పుడు 20 డిగ్రీల గాలి 12కి చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీటి చుక్కలుగా మారుతుంది. 11 డిగ్రీల అద్దం మీద నీళ్లు కారతాయి, మూలల్లో నల్లటి బూజు. కింద నుంచి వెచ్చటి గాలి తగిలితే అద్దం పొడిగా ఉంటుంది.

ఇంత చెప్పాక మేనకోడలు అసలు సంగతి బయటపెట్టింది: కిటికీలు కూడా మార్చే ఆలోచనలో ఉన్నారు, మూడు పొరలవి. అయితే నేను చెప్పినదాంట్లో సగం కొట్టేయాలి! 18 డిగ్రీల అద్దం మీద నిండు బొక్కెన దాదాపు ఖాళీయే. రేడియేటర్ ఎక్కడ పెట్టినా పెద్ద తేడా ఉండదు, సోఫాకీ టీవీకీ ఎక్కడ చోటు కుదిరితే అక్కడ. కిటికీ కింద అనే నియమం పాత అద్దాల కాలం నాటిది. అప్పుడు ఇంకో లెక్క ముందుకొస్తుంది. రేపు బాయిలర్ బదులు హీట్ పంప్ (బయటి వేడిని లోపలికి తోడి నీళ్లు కాచే యంత్రం) పెడితే 70 డిగ్రీల నీళ్లు రావు, 50 దగ్గర వస్తాయి. గదికన్నా 50 డిగ్రీలు వేడిగా ఉండే రేడియేటర్ 30 డిగ్రీలే వేడిగా ఉంటే ఇచ్చే వేడి సగానికి పడిపోతుంది. 30/50ని, రేడియేటర్ల లెక్కలో వాడే 1.3 ఘాతానికి ఎత్తి చూడండి. అంటే రెట్టింపు పలక కావాలి, కిటికీ కింద అంత ఎత్తు దొరక్కపోవచ్చు.

చివరికి కిటికీలకి డబ్బు సరిపోలేదు, రెండేళ్లు ఆగుదామనుకున్నారు. రేడియేటర్ కిటికీ కిందే పడింది, వెడల్పాటిది, వెనక రేకుతో. మొన్న వీడియో పంపింది: అద్దం ముందు అగరొత్తి, పొగ జారలేదు, కాసేపు అటూ ఇటూ ఊగి పైకే పోయింది. అంతా బాగుంది. కర్టెన్ మాత్రం కొత్తది కొన్నట్టున్నారు, నేలదాకా ఉంది. ఫోన్ చెయ్యాలి.