ఫ్రెంచ్ హాల్లోకి స్టెయిన్‌లెస్ స్టీల్ ఎలా వచ్చింది

స్టెయిన్‌లెస్ స్టీల్ అనగానే మనకి గుర్తొచ్చేది వంటింటి సామాను. 1960ల చివర్లో పారిస్‌లో తయారైన స్టీల్ కుర్చీలు, మంచాలు మాత్రం ఇవాళ పెద్ద గ్యాలరీల్లో అమ్ముడవుతున్నాయి. అవి పుట్టడానికి అసలు కారణం, ఒక ఉక్కు కంపెనీ తన సరుక్కి కొత్త గిరాకీ వెతుక్కోవడం.

ఫ్రెంచ్ ఫర్నిచర్‌కి లోహం అంతకు ముందే అలవాటు. 1927లో పారిస్ ‘సలోన్ దోతోన్’ ప్రదర్శనలో షార్లొట్ పెరియాన్ అనే డిజైనర్ నికెల్ పూత, అల్యూమినియంతో ఒక బార్ అమర్చింది. అంతకుముందు ఆమెకి పని లేదని పంపేసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియె, అది చూశాక తనే పిలిచి చేర్చుకున్నాడు. 1929లో అదే ప్రదర్శనలో వాళ్ల గొట్టాల కుర్చీలు కనిపించాయి. అయితే అది స్టెయిన్‌లెస్ కాదు, మామూలు ఉక్కు మీద క్రోమ్ పూత. అందరికీ అందాలన్నది ఆశయం. ధర చూస్తే డబ్బున్నవాళ్లకే అందింది. నాన్సీ అనే ఊళ్లో డిజైనర్ జాఁ ప్రూవే దారి వేరు. ఆయన ఉక్కు రేకుని మడిచి, రంగు వేసి, బడులకీ హాస్టళ్లకీ బల్లలు చేశాడు. నాకైతే ఆ ఆశయానికి దగ్గరగా వెళ్లింది ఆయనే అనిపిస్తుంది.

స్టెయిన్‌లెస్‌కి పూత అక్కర్లేదు. అందులోని క్రోమియమే గాలి తగిలి పైన సన్నని పొర కట్టి తుప్పుని ఆపుతుంది. కాకపోతే వంచితే మళ్లీ వెనక్కి లేస్తుంది, వెల్డింగ్ చేసిన చోట మచ్చ పడుతుంది. అతుకు కనపడకుండా అరగదీసి పాలిష్ పెట్టాలంటే చేయి తిరిగిన పనివాడు కావాల్సిందే.

1960లలో స్టెయిన్‌లెస్ రేకు తయారుచేసే ఉజీన్-గెన్యోన్ కంపెనీ మరియా పెర్గేని సంప్రదించింది. అప్పటికి ఆవిడ వెండి వస్తువుల డిజైనర్. చిన్న చిన్న వస్తువులు చేస్తే చాలనుకున్నారు వాళ్లు. ఆవిడ ఏకంగా ఫర్నిచరే మొదలెట్టారు! 1968లో పారిస్‌లో పెట్టిన ప్రదర్శనలో ‘ఎగిరే తివాచీ’ మంచం, ఉంగరాల కుర్చీ ఉన్నాయి. పిల్లల కోసం నారింజ తొక్క ఒలుస్తుంటే ఆ కుర్చీ ఆలోచన తట్టిందని ఆవిడే చెప్పుకున్నారు. ఆ ప్రదర్శనలోని సరుకంతా ఫ్యాషన్ డిజైనర్ పియెర్ కార్దాఁ కొనేశాడు.

అలా ఫ్యాక్టరీ రేకు చేతిపని విలాసమైంది. తర్వాత పెర్గేకి సౌదీ రాజకుటుంబం నుంచి ఆర్డర్లు వచ్చాయి. 2000ల్లో న్యూయార్క్ గ్యాలరీలు ఆవిడ పనిని మళ్లీ బయటికి తీశాక, 2023లో చనిపోయే ముందు చాలా ఏళ్లు స్టీల్‌లోనే కొత్త వస్తువులు చేశారు.