తవుడు, మిరప, నిమ్మతొక్క: సూపర్‌క్రిటికల్ నూనె తీతపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు మిల్లుల తవుడు నుంచీ, ప్రకాశం జిల్లా ఎండుమిరప నుంచీ కార్బన్ డయాక్సైడ్‌తో నూనె తీసే పనిలో ఉన్నాను. కొత్తగా యూనిట్ పెట్టదలచినవారు నన్ను అడిగే ప్రశ్నల వెనుక ఎప్పుడూ ఈ అపోహలే కనిపిస్తాయి.

అపోహ: పీడనం ఎంత పెంచితే అంత మంచి నూనె వస్తుంది.

వాస్తవం: ఉష్ణోగ్రత 31 డిగ్రీలు, పీడనం 74 బార్లు (ఒక బారు అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) దాటాక కార్బన్ డయాక్సైడ్ వాయువులా సందుల్లోకి దూరుతూ, ద్రవంలా నూనెను కరిగించుకుంటుంది; ఈ స్థితినే సూపర్‌క్రిటికల్ అంటారు. పీడనం పెరిగేకొద్దీ దాని సాంద్రత పెరిగి మరింత కరిగించుకుంటుందన్నది నిజమే కానీ, అప్పుడు అక్కరలేనివి కూడా కరుగుతాయి. పొదలకూరు నిమ్మతొక్కలోని సువాసన తైలానికి 100 బార్ల దరిదాపులు చాలు. అంతకు బాగా మించితే మైనం కూడా దిగి తైలం మసకబారుతుంది. తవుడు నూనెకు మాత్రం 300 బార్లు, ఆపైన కావాలి. మిరపలో కారం తక్కువ పీడనానికే వస్తుంది, ఎరుపు రంగుకు ఎక్కువ పీడనం అవసరం, కనుక రెండు దశల్లో తీస్తే రెండూ విడివిడిగా దక్కుతాయి.

అపోహ: వేడి పెంచితే నూనె బాగా కరుగుతుంది.

వాస్తవం: నన్ను మొదట్లో బాగా తికమకపెట్టింది ఇదే. 100 బార్ల వద్ద 40 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వెళితే కార్బన్ డయాక్సైడ్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 630 కిలోల నుంచి 290 కిలోలకు పడిపోతుంది, దానితో కరిగించే శక్తీ పడిపోతుంది. పీడనం తగినంత ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం వేడికి నూనె ఆవిరయ్యే గుణం పెరగడం వల్ల వచ్చే లాభం ఆ నష్టాన్ని మించిపోతుంది. అందువల్ల ఒకదాన్ని స్థిరంగా ఉంచి మరొకదాన్ని మార్చుతూ పోతే సరైన చోటు దొరకదు. పీడనం, ఉష్ణోగ్రత, ప్రవాహ వేగం మూడింటినీ కలిపి మార్చే బాక్స్-బెన్‌కెన్ పద్ధతిలో 15 ప్రయోగాలతోనే వాటి పరస్పర ప్రభావం తెలుస్తుంది.

అపోహ: ఎంత మెత్తగా పొడి చేస్తే అంత మంచిది.

వాస్తవం: ఒకసారి మెత్తని తవుడును నేరుగా నింపి నడిపాను. దిగుబడి సగం కూడా రాకపోవడంతో గిన్నె తెరిచి చూస్తే తవుడు గడ్డకట్టి, గోడ వెంబడి వేలు పట్టేంత సందులు పడి ఉన్నాయి. వాయువంతా ఆ దారినే పోయినందువల్ల నడిమి గడ్డను నలిపితే వేళ్లకు ఇంకా జిడ్డు అంటింది. అప్పటి నుంచి తవుడును గుళికలుగా చేసి, దుమ్ము జల్లించాకే నింపుతున్నాము.

అపోహ: ఈ పద్ధతిలో పాత తవుడైనా ఫరవాలేదు.

వాస్తవం: బియ్యం పాలిష్ పట్టిన కొన్ని గంటల్లోనే తవుడులోని లైపేజ్ ఎంజైము నూనెను విడగొట్టి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను పెంచుతుంది. ఆ ఆమ్లాలు కార్బన్ డయాక్సైడ్‌లో అసలు నూనె కన్నా తేలికగా కరుగుతాయి కాబట్టి ముందుగా అవే బయటికి వస్తాయి. జిగురు పదార్థాలు అందులో దాదాపు కరగవు గనుక నూనె జిగురు లేకుండా వస్తుంది, ఈ మేలు మాత్రం నిజమే. తవుడును వేడితో స్థిరపరిచే పని మిల్లులోనే ఆ పూటే జరగాలి.

అపోహ: నూనె ఆగిపోయేదాకా నడపాలి.

వాస్తవం: ప్రతి 20 నిమిషాలకూ సేకరించిన నూనెను తూచి కాగితంపై గీత గీయండి. మొదట తిన్నగా లేచిన గీత సరుకు రేణువుల పైభాగంలోని నూనె అయిపోగానే వంగుతుంది. అక్కడి నుంచి లోపలి నూనె నెమ్మదిగా ఊరుతూ వస్తుంది, పంపు కరెంటు ఖర్చు మాత్రం తగ్గదు. ఆ వంపు మిరపకు ఒక చోట, తవుడుకు మరొక చోట పడుతుంది కనుక మేము సరుకు మారిన ప్రతిసారీ కొత్త గీత గీసుకుంటాము.