పొరుగు వీధుల కోసం ప్రార్థన: అపోహలు, వాస్తవాలు

చర్చి చుట్టూ ఉన్న వీధుల గురించి తెలుసుకుని వాటి కోసం ప్రార్థన చేసే పని మా సంఘంలో నేను చూస్తుంటాను. పలాస-కాశీబుగ్గలో మాది చిన్న సంఘం. ఈ పని మొదలుపెడదామనుకునే వేరే సంఘాల వాళ్ళతో మాట్లాడినప్పుడల్లా ఒకే రకం మాటలు వినిపిస్తున్నాయి, అందుకే రాస్తున్నాను.

అపోహ: దేవునికి అన్నీ తెలుసు, వీధి సంగతులు మనకెందుకు?

దేవునికి తెలుసు, మనకే తెలియదు. అందుకే మన ప్రార్థన "ఈ ఊరిని దీవించు ప్రభువా" దగ్గర ఆగిపోతుంది. బైబిల్లో నెహెమ్యా యెరూషలేము నుంచి వచ్చినవాళ్ళని ముందు అడిగి తెలుసుకున్నాడు, విని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. ఊరు చేరాక రాత్రిపూట కొద్దిమందితో వెళ్ళి కూలిన గోడలు తన కళ్ళతో చూసి వచ్చాడు.

మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి రాష్ట్రమంతా తెలుసు, దానికి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. "కిడ్నీ రోగులను స్వస్థపరచు" అని ఆదివారం ప్రార్థిస్తాం, మంచిదే. కానీ పక్క వీధిలో ఒకాయనకి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే, తోడు వెళ్ళే భార్యకి ఆ రోజు జీడి కూలి పోతుంది, ఆవిడకి ఒలిచిన పప్పు తూకాన్ని బట్టే డబ్బులు, ఇదంతా తెలిశాక చేసే ప్రార్థన వేరేగా ఉంటుంది. తెలిసినవాళ్ళు ఆమెన్ అని ఊరుకోలేరు. మా యూత్‌లో ఇద్దరు అబ్బాయిలు ఇప్పుడు వంతులు వేసుకుని ఆయనతో ఆటో ఎక్కుతున్నారు. వాళ్ళకి ఆ పని నేను చెప్పలేదు.

అపోహ: వీధుల్లో నడుస్తూ చేసే ప్రార్థన (ప్రార్థనా నడక) అంటే మైకు, పాటలు, కరపత్రాలు.

కాదు. ఇద్దరు ముగ్గురు మామూలుగా నడుస్తూ, కళ్ళు తెరిచి ఉంచి, మనసులో చేసుకునే ప్రార్థన అది. వీధి మూలల్లో నలుగురికీ కనబడేలా నిలబడి ప్రార్థించొద్దని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువే చెప్పాడు. ఏ ఇంటికి నెలల తరబడి తాళం ఉంది, కుళాయి దగ్గర బిందెలు ఎంతసేపటి నుంచి లైన్లో ఉన్నాయి, ఏ స్తంభానికి లైటు వెలగట్లేదు, ఇవి చూడాలి.

టైము కూడా ముఖ్యం. పగలు పదింటికి వెళ్తే మా వీధుల్లో ముసలివాళ్ళు, పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు, ఆడవాళ్ళలో చాలామంది జీడి పరిశ్రమల్లో ఉంటారు. సాయంత్రం కూడా వాళ్ళు రాగానే తలుపు తట్టొద్దు, నీళ్ళు పట్టుకుని పొయ్యి మీద ఎసరు పెట్టుకునేదాకా ఆగండి. జీడి పిక్కలు కొట్టే ఆవిడ ఎదురుగా కూర్చున్నప్పుడు ఆమె వేళ్ళు చూడండి. పెంకులోంచి వచ్చే నూనె అంటుకుని నల్లబడి ఉంటాయి, గోళ్ళ చుట్టూ చర్మం పొరలుపొరలుగా లేచి ఉంటుంది. ఆ చేత్తో అన్నం కలుపుకుంటే మండుతుందని ఒక పిన్ని చెప్పేదాకా మాలో చాలామందికి ఆ సంగతి తట్టనేలేదు, రోజూ ఆ జీడిపప్పు తినే ఊళ్ళో ఉంటూ!

అపోహ: ముందు ఇంటింటి సర్వే చేయాలి.

పెన్ను, కాగితం పట్టుకుని గుమ్మం ముందు నిలబడితే జనం భయపడతారు. "ఏటి రాసుకుంటున్నావు బాబూ, పింఛను తీసెయ్యరు కదా?" అని ఒక మామ్మ అడిగింది. ఆవిడ భయం న్యాయమైనదే. కులం, మతం, ఆధార్, ఇవేవీ మనకి అక్కర్లేదు. అరుగు మీద కూర్చుని మాట్లాడండి, ఇంటికి వచ్చాక గుర్తున్నది ప్రార్థనలో పెట్టుకోండి.

ఇక్కడే ఇంకొకటి గట్టిగా చెప్పాలి. వాళ్ళు నమ్మి చెప్పిన జబ్బు, అప్పు, మొగుడూ పెళ్ళాల గొడవ, ఇవి ప్రార్థన మనవి పేరుతో వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళకూడదు. ఎవరి సంగతైనా సంఘంలో చెప్పే ముందు "మీ పేరు పెట్టి ప్రార్థన చేసుకోవచ్చా అమ్మా?" అని అడగండి. వద్దంటే పేరు లేకుండానే ప్రార్థించండి, దేవునికి ఆ ఇల్లు తెలుసు.

అపోహ: వేరే మతం వాళ్ళు ప్రార్థన ఒప్పుకోరు.

నా అనుభవంలో చాలామంది కాదనరు. వాళ్ళు ఇబ్బంది పడేది ప్రార్థనకి కాదు, దాని వెనకాల వచ్చే షరతుకి. "నయమైతే చర్చికి రావాలి" అని ఎవరితోనూ అనొద్దు. యిర్మీయా 29లో చెరలో ఉన్నవాళ్ళకి దేవుడు రాయించిన ఉత్తరం చూడండి, తమని చెరపట్టిన బబులోను క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు. కాదన్నవాళ్ళకి నమస్కారం పెట్టి, మళ్ళీ కనబడినప్పుడు కూడా అంతే బాగా పలకరించాలి.

"ప్రార్థన చేశాం కదా, మందులు ఆపేయండి" అని మాత్రం ఎవరూ అనకూడదు. డయాలసిస్ మానేస్తే మనిషి ప్రాణానికే ముప్పు. మా సంఘంలో ఆ మాట అన్నవాళ్ళని ఈ పనికి పంపం, ఎంత పాత విశ్వాసి అయినా సరే.

అపోహ: చిన్న సంఘం వల్ల కాదు.

అవుతుంది. ఊరంతా నెత్తిన వేసుకోకండి. ఒక్క వీధి, ఇద్దరు మనుషులు చాలు, ప్రతిసారీ ఆ ఇద్దరే వెళ్ళాలి. మనుషులు మారితే మాట మళ్ళీ మొదటికొస్తుంది.

అపోహ: ఏదైనా విపత్తు వచ్చినప్పుడు వెళ్తే సరిపోతుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, ఉద్దానం ఊళ్ళల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు సాయం చాలా వచ్చింది, అందరికీ కృతజ్ఞతలు. అయితే ఒక కొబ్బరి మొక్క పెట్టాక కాపుకి ఏళ్ళు పడుతుంది, అప్పటిదాకా ఆ ఇంటి మగపిల్లాడు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కూలి చేస్తాడు. తాళం వేసిన ఇళ్ళ సంగతి ఇదే. కూలికి వెళ్ళినవాళ్ళు ఎక్కువగా సంక్రాంతికి వస్తారు, కనుమ నాడు తీరిగ్గా దొరుకుతారు. గుజరాత్ బోట్ల మీదకి వెళ్ళిన మత్స్యకారులు మాత్రం పండక్కి రారు, వేట ఆగే వానాకాలంలోనే ఇంట్లో ఉంటారు. మీ వీధిలో ఎవరు ఎప్పుడు ఊళ్ళో ఉంటారో ముందు కనుక్కుని, దాన్నిబట్టి మీ ప్రార్థన క్యాలెండర్ వేసుకోండి.