పిల్లల మానసిక, వైకల్య సేవలు: మన సరిహద్దు జిల్లాల్లో అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లల్లో బిడ్డకు నడక రాకపోయినా, మాట రాకపోయినా అందరూ చెప్పేది ఒకటే: "వైజాగ్ తీసుకెళ్లండి." స్పెషల్ ఎడ్యుకేటర్‌గా, అంటే వైకల్యం ఉన్న పిల్లలకు చదువు నేర్పే టీచరుగా, నేను వైజాగ్ వద్దనను. కానీ బిడ్డకు వారం వారం కావలసింది ఊరి దగ్గరే దొరకాలి. దానికి అడ్డుపడే అపోహలు తల్లిదండ్రులకే కాదు, థెరపీ సెంటర్లు నడిపేవాళ్లకూ ఉన్నాయి.

అపోహ: పెద్ద డాక్టరు లేకపోతే సెంటర్ ఉన్నా లేనట్టే.

వాస్తవం: జబ్బు ఏమిటో తేల్చడానికి, మూర్ఛకు, మందులకు డాక్టరు ఉండి తీరాలి. కానీ పని అక్కడితో అయిపోదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం జిల్లాకో డీఈఐసీ (పిల్లల లోపాలను చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రం) ఉండాలి. అందులో పిల్లల డాక్టరుతో పాటు ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, సోషల్ వర్కర్ ఉండాలన్నారు. ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పే స్థితి) ఉన్న బిడ్డను తల్లి ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి జావ పోస్తుంది. పొలమారుతుంది. మాటిమాటికీ నెమ్ము చేస్తుంది. బిడ్డను నిటారుగా ఆనించి కూర్చోబెట్టి, పాదాలకు ఆధారం పెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, ఎదురుగా కూర్చుని చిన్న చెంచాతో పెట్టాలి. చెబితే వచ్చేది కాదిది. ఆ తల్లి చేతే చేయించి, వచ్చే వారం మళ్లీ చూడాలి. నెలకోసారి వచ్చే డాక్టరుకు అంత తీరిక ఎక్కడిది?

అపోహ: ఇంట్లో తెలుగు, అంగన్వాడీలో ఒడియా. అందుకే మాట రావట్లేదు.

వాస్తవం: రెండు భాషలు వినడం వల్ల మాట లోపం రాదు, ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోతే, పేరు పెట్టి పిలిస్తే చూడకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. తెలుగో, ఇక్కడి గిరిజన భాష కువీనో మాత్రమే తెలిసిన బిడ్డను ఒడియాలో ప్రశ్నలడిగి, జవాబు రాలేదని బుద్ధిమాంద్యం రాసేస్తే ఆ కాగితం బిడ్డ వెంట ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఉద్యోగానికి తీసుకునేటప్పుడే భాష అడగాలి. డిగ్రీ ఉండి భాష రాని వాళ్లకు స్థానిక అమ్మాయిని జీతమిచ్చి సాయం పెట్టాలి. తోడొచ్చిన ఆడపడుచు చేత మాటలు చెప్పిస్తే తల్లి సగం విషయాలు మింగేస్తుంది.

అపోహ: తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు, నాలుగు రోజులొచ్చి మానేస్తారు.

వాస్తవం: ఇది మా స్టాఫ్ రూముల్లో వినిపించే మాట. కూలికి వెళ్లే తల్లికి ఒక సెషన్ అంటే ఆ రోజు కూలి పోవడం, బస్సు చార్జీ, ఇంటి దగ్గర చిన్నబిడ్డను ఎవరికో అప్పగించి రావడం. "మా గుంటడికి నయమైపోయే మందు ఏటైనా ఉందా మేడమ్?" అని అడిగిన మనిషికి శ్రద్ధ లేదంటామా? సంత రోజున ఎలాగూ టౌనుకి వస్తారు, సెషన్ ఆ రోజే పెట్టండి. రాని రోజు సాయంత్రం ఫోన్ చేయండి. ఇంటికి పది వ్యాయామాలు రాసివ్వకండి. రెండు చాలు, అవి కూడా స్నానంలోనో, బట్టలు తొడిగేటప్పుడో కలిసిపోయేవి.

అపోహ: జాలి ఉంటే చాలు, ఈ పని ఎవరైనా చేయొచ్చు.

వాస్తవం: స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, 1992 నాటి చట్టం ఉంది. నమోదు ఉందా అని అడిగి చూడండి, మొహమాటపడకండి. చదివినవాళ్లు కాంట్రాక్టు ఉద్యోగంలో, ఆలస్యమయ్యే జీతంతో నిలవరు. ఒకరు వెళ్లిపోతే ఆటిజం ఉన్న బిడ్డ కొత్త మనిషి పక్కన కూర్చోవడానికే వారాలు పడుతుంది. అందుకే ప్రతి బిడ్డకూ ఒక పేజీ రాసి ఉంచాలి: ఏది ఇష్టం, ఏ శబ్దానికి బెదురుతాడు, ఎంతవరకు నేర్చుకున్నాడు. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు కలిసి కొన్ని సెషన్లు చేయాలి.

అపోహ: ఒడిశా సర్టిఫికెట్ ఆంధ్రాలో చెల్లదు.

వాస్తవం: 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్య ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. పింఛను మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. వైకల్యం 40 శాతమో, ఆపైనో ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు. కానీ థెరపీ మొదలుపెట్టడానికి సర్టిఫికెట్ దాకా ఆగకండి. అది చేతికొచ్చేలోపు బిడ్డకు విలువైన నెలలు పోతాయి. "సర్టిఫికెట్ వచ్చాక రండి" అని ఎవరైనా తిప్పి పంపితే, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడగండి.